ఓడ తాత పుట్టిన ఊరు: నాలుగు కాగితాలు, నాలుగు జవాబులు

ఇప్పటి ఒడిశాలోని గంజాం తీరం నుంచి ఓడెక్కి వెళ్లి బ్రిటన్‌లోని కార్డిఫ్ రేవులో స్థిరపడిపోయిన ఒక తెలుగు నావికుడు అసలు ఎక్కడ పుట్టాడన్నది ఈ కేసు. ఆయన పుట్టిన చోటు రాసి ఉన్న కాగితాలు నాలుగు దొరికాయి. 1901 జనగణన ‘ఇండియా’ అంటుంది. 1911 జనగణన ‘మద్రాస్’ అంటుంది. 1915 నాటి ఓడ సిబ్బంది జాబితా ‘గోపాల్‌పోర్’ అంటుంది. 1919 నాటి నావికుల కార్డు ‘సోనాపోర్, మద్రాస్’ అంటుంది. చూడగానే మనిషి మాట మీద నిలబడేవాడు కాదేమో, లేదా గుమాస్తాలు నోటికొచ్చింది రాశారేమో అనిపిస్తుంది. పని పూర్తయ్యాక నా అభిప్రాయం వేరు. నాలుగింటిలో ఏదీ అబద్ధం కాదు. ఎవరు అడిగారు, ఏ ఫారం మీద అడిగారు, ఎవరు జవాబు చెప్పారు అన్నది చూడకుండా వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడంలోనే చిక్కంతా ఉంది.

నేను బరంపురంలో పాత దస్తావేజుల పని చేస్తాను. లింకు డాక్యుమెంట్లు, వారసత్వ వంశవృక్షాలు, జమీందారీల కాలం నాటి పట్టాలు, ఇలాంటివి. ఈ కేసు తెచ్చింది రిటైరైన ఒక స్కూలు మాస్టారు. నావికుడు ఆయన ముత్తాతకి అన్న. ఇంట్లో అందరూ ‘ఓడ తాత’ అనేవారు కాబట్టి ఇక్కడా అదే వాడతాను. పేర్లు, ఇంటిపేరు రాయడం లేదు.

కార్డిఫ్‌లో ఓడ తాత మునిమనవరాలు ఒకావిడ ఉంది. ఆవిడ ఇంట్లో ఒక తెలుగు ఉత్తరం తరాలుగా పడి ఉంది. దాన్ని చదవగలిగేవాళ్లు అక్కడ లేరు. ఈమధ్య అక్కడ చదువుకుంటున్న మన కుర్రాడొకడు చదివి పెట్టాడు. గోపాల్‌పూర్ నుంచి తమ్ముడు రాయించిన ఉత్తరం అది. ఆ కుర్రాడు బరంపురం తెలుగువాళ్లలో వాకబు చేస్తే విషయం మాస్టారి దాకా వచ్చింది. కార్డిఫ్ కుటుంబం అప్పటికే ఒకసారి చెన్నై వచ్చి హార్బరు చూసి, తమ పూర్వీకుడు పుట్టిన ఊరు ఇదేనని దండం పెట్టుకుని వెళ్లిందట. 1911 కాగితంలో మద్రాస్ అని ఉంది కదా! మాస్టారి ఇంటివాళ్లేమో గోపాల్‌పూర్ అంటారు. సోనాపూర్‌లో ఉన్న చుట్టాలు మా ఊళ్లోనే పుట్టాడంటారు. మునిమనవరాలు మళ్లీ వస్తానంటోంది. ఈసారి ఎక్కడికి తీసుకెళ్లాలో తేల్చమని మాస్టారు అడిగారు.

మన జనగణనలో ఎందుకు వెతకలేదు

ఇలాంటి పని మీద వచ్చే ప్రతివాళ్లూ మొదట అడిగేది ఇదే. 1871లో మద్రాసు ప్రెసిడెన్సీలో జనాభా లెక్క తీశారు కదా, 1881లో దేశమంతా ఒకేసారి తీశారు కదా, అందులో పసివాడిగా ఉంటాడు కదా అని. ఉండే ఉంటాడు. కానీ మన దగ్గర ఇంటింటి కాగితాలు మిగల్లేదు. లెక్కగాళ్లు నింపిన షెడ్యూళ్లను మొత్తాలు కట్టాక పారేసేవారు. అచ్చయి మిగిలినవి పట్టికలు. ఏ తాలూకాలో ఎంతమంది, ఏ కులం ఎంత, ఏ భాష ఎంత, ఏ జిల్లాలో పుట్టినవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారు. పేర్లు ఉండవు. 1948 జనగణన చట్టం వచ్చాక తీసిన లెక్కలు ఎవరూ చూడ్డానికి వీల్లేదని ఆ చట్టంలోనే ఉంది. అంటే మన వైపు జనగణనలో ఒక మనిషిని పేరు పెట్టి వెతకడమన్నది జరిగే పని కాదు.

జనన రిజిస్టరు సంగతీ అంతే. మద్రాసు ప్రెసిడెన్సీకి జనన మరణాల నమోదు చట్టం 1899లో వచ్చింది. ఓడ తాత అప్పటికి పెద్దవాడైపోయి సముద్రం మీద ఉన్నాడు. సముద్రం పక్క పేటల్లో బతికే కుటుంబానికి పొలం పట్టా ఉండదు కాబట్టి సెటిల్‌మెంటు రికార్డులూ పనికిరావు.

బ్రిటన్‌లో కథ వేరు. అక్కడ 1841 నుంచి 1921 దాకా జనగణనలో ప్రతి మనిషీ పేరుతో సహా చూడ్డానికి దొరుకుతాడు. నూరేళ్లు గడిచాక బయటపెడతారు. 1921ది 2022 జనవరిలో బయటికొచ్చింది. ఆ తర్వాతిది ఇక లేదు. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కే తీయలేదు. 1939లో యుద్ధం మొదలవగానే తీసిన జాతీయ రిజిస్టరు ఉంది గానీ అందులో పుట్టిన తేదీ రాశారు, పుట్టిన ఊరు రాయలేదు. అందుచేత మన ఊళ్లో పుట్టి అక్కడ బతికినవాడి ఊరు తెలియాలంటే అక్కడి పాత లెక్కలే చూడాలి. మన వైపు నుంచి వెళ్లిన వేలమందిలో ఇలా కాగితం మీద కనిపించేది అక్కడ కాపురం పెట్టిన కొద్దిమందే. రంగూన్ వెళ్లినవాళ్లకి ఆ భాగ్యం కూడా లేదు. బర్మా జనగణనలో వాళ్లు ఒక అంకె, అంతే.

ముందు మనిషి ఒక్కడేనా?

ఊరి సంగతి తర్వాత. నాలుగు కాగితాల్లోని మనిషి ఒక్కడేనని ముందు రుజువు కావాలి. ఇంగ్లిష్ రికార్డుల్లో మన పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. ఓడ తాతకు అక్కడ ముందు ఒక ఇంగ్లిష్ పేరు చేరింది. అసలు పేరు చివరికి పోయి ఇంటిపేరులా కూర్చుంది. అసలు ఇంటిపేరు ఎక్కడా లేదు. పైగా ఆన్‌లైన్ సూచికలో అక్షరాలు తప్పు చదివారు. గోపాల్‌పోర్‌లోని ‘జీ’ని ‘సీ’గా చదివి కోపాల్‌పోర్ అని ఎక్కించారు. ఊరి పేరుతో వెతికితే ఎప్పటికీ దొరకదు. ఇలాంటప్పుడు పేరు వదిలేసి చిరునామాతో వెతకాలి.

1911 జనగణనలో ఉన్న వీధి, ఇంటి నంబరు 1915 సిబ్బంది జాబితాలో ఆయన పేరు ఎదుట అలాగే ఉన్నాయి. 1919 కార్డు మీద ఫోటో ఉంది. కార్డిఫ్ కుటుంబం దగ్గరున్న ఫోటోలోని మనిషే. 1901 కాగితం కొంచెం బలహీనం. అది నావికుల బసలో తీసిన లెక్క. పేరు, పని, సుమారు వయసు తప్ప కలపడానికి ఏమీ లేవు. దాన్ని ‘కావచ్చు’ అన్న వరసలోనే పెట్టాను.

వయసులు ఎలాగూ కుదరవు. 1901లో 30, 1911లో 42, 1915లో 45 అని ఉంది. కార్డులో పుట్టిన సంవత్సరం 1868. పుట్టినరోజు లెక్క పెట్టుకోని కాలంలో పుట్టినవాడి వయసు రెండు మూడేళ్లు అటూ ఇటూ ఊగడం మామూలే. ఇంటివాళ్ల మాటల్లో ‘పెద్ద కరువు తగ్గాక పుట్టినోడు’ అని ఒకటుంది. ఒడిశాను, గంజాంను అల్లాడించిన కరువు 1866ది. దక్షిణాదిని ఊడ్చేసిన మరో కరువు 1876-78లో వచ్చింది. రెండోది అనుకుంటే 1901 నాటికి ఆయన వయసు పాతికలోపే ఉండాలి. కాగితాలేవీ దానికి ఒప్పుకోవు. 1868 అన్నది మొదటి కరువుతో సరిపోయింది.

జవాబు కంటే ముందు ప్రశ్న చదవాలి

1901లో మార్చి 31 రాత్రి లెక్క తీశారు. ఓడ తాత కార్డిఫ్ బ్యూట్‌టౌన్‌లో, నావికులు టైగర్ బే అని పిలుచుకునే పేటలో, ఒక బసలో ఉన్నాడు. చుట్టూ నానా దేశాల నావికులు. ఆ ఇంటి ఫారం నింపాల్సింది బస నడిపేవాడు. తర్వాత లెక్కగాడు దాన్ని తన పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. మనకు మిగిలింది ఆ పుస్తకమే. బయటి దేశంలో పుట్టినవాడికి దేశం పేరు రాస్తే చాలన్నది అప్పటి నిబంధన. బసవాడికి ఇండియా అని తెలుసు, అదే చెప్పాడు. అంతకంటే ఎక్కువ ఆ కాగితం నుంచి ఆశించకూడదు.

1911 ఫారం మీద కాస్త ఆగాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంటి యజమాని సొంతంగా నింపిన కాగితం మిగిలిన మొదటి జనగణన ఇది. అంతకుముందువన్నీ లెక్కగాళ్ల నకళ్లే. ఫారం మీదే అచ్చులో సూచనలున్నాయి. బ్రిటన్‌లో పుట్టినవాళ్లు జిల్లా, ఊరు రాయాలి. సామ్రాజ్యంలోని మరో భాగంలో పుట్టినవాళ్లు ఆ వలస దేశం పేరు, అందులో రాష్ట్రం పేరు రాయాలి. ఊరు రాయమని ఎక్కడా లేదు. ఓడ తాత ఇంటి కాగితంలో ‘ఇండియా, మద్రాస్’ అని ఉంది. ఫారం అడిగిందానికి అచ్చంగా సరిపోయే జవాబు. ఆ మద్రాస్ చెన్నపట్నం కాదు, మద్రాసు ప్రెసిడెన్సీ. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ప్రెసిడెన్సీలో ఉత్తరపు కొస. బరంపురంలో పుట్టినవాడైనా, ఇచ్ఛాపురంలో పుట్టినవాడైనా, కన్యాకుమారి దగ్గర తిరునెల్వేలిలో పుట్టినవాడైనా ఆ గడిలో రాయాల్సింది మద్రాసే. కార్డిఫ్ కుటుంబం చెన్నై హార్బరుకు వెళ్లడం ఈ ఒక్క గడి వల్లే. ఆవిడకి ఫారం సూచనల ఫోటో పంపాను. చాలాసేపు జవాబు రాలేదు. తర్వాత ‘అయితే మేం వెళ్లింది రాష్ట్ర రాజధానికా’ అని రాసింది. అవునని రాయక తప్పలేదు.

1921 జూన్ 19 నాటి లెక్కలో ఆయన ఇంట్లో లేడు. భార్య, పిల్లలు ఉన్నారు. ఈ జనగణనలో పదిహేనేళ్ల లోపు పిల్లల తల్లిదండ్రులు బతికి ఉన్నారా లేరా అని ఒక గడి పెట్టారు. యుద్ధంలో పోయిన తండ్రుల లెక్క కోసం. ఈ పిల్లల ఎదుట ఇద్దరూ ఉన్నారనే రాసి ఉంది. అంటే తండ్రి సముద్రం మీద ఉన్నాడు. పుట్టిన ఊరికి ఇది పనికిరాదు. కానీ నావికుల కుటుంబాలను వెతికేవాళ్లకి ఇది పదేపదే ఎదురవుతుంది. లెక్క తీసిన రాత్రి ఓడ మీద ఉన్నవాడు ఇంటి కాగితంలో ఉండడు. అంతమాత్రాన చనిపోయాడని రాసేయకూడదు.

ఓడల కాగితాలు

జనగణన అక్కడితో ఆగిపోయింది. మిగతాది నావికుల రికార్డుల్లోంచి రావాలి. వాటిలో పెద్ద ఖాళీ ఒకటుంది. 1857 నుంచి 1913 దాకా బ్రిటిష్ వర్తక నావికులకు మనిషివారీ రిజిస్టరు లేదు. ఓడవారీగా సిబ్బంది జాబితాలున్నాయి. ఓడ పేరు తెలిస్తేనే మనిషి దొరుకుతాడు. పైగా ఆ జాబితాలు ఒకచోట లేవు. 1863 నుంచి 1938 దాకా ఉన్నవాటిలో సుమారు 70 శాతం కెనడాలో, న్యూఫౌండ్లాండ్ మెమోరియల్ యూనివర్సిటీలో ఉన్నాయి. పది శాతం నమూనా లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. ఐదుతో ముగిసే సంవత్సరాలవి గ్రీనిచ్ నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ ఐదు ముగింపు మనకు కలిసొచ్చింది. 1915 జాబితాలను వాలంటీర్లు పేరు పేరునా ఎక్కించి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. అందులో ఓడ తాత కార్డిఫ్ చిరునామాతో దొరికాడు. వయసు 45, పుట్టిన చోటు గోపాల్‌పోర్, అంతకుముందు పనిచేసిన ఓడ పేరు. ఓడ ఆఫీసరు ఎదుట వరసలో నిలబడి, పేరు చెప్పి, ఊరు చెప్పి, సంతకమో వేలిముద్రో పెట్టి ముందుకు నడిచే సందర్భం అది. ఆఫీసరుకి తెలిసిన పేరు చెబితే పని తొందరగా అవుతుంది. హైదరాబాద్‌లో ఎవరైనా అడిగితే కవిటి మనిషి శ్రీకాకుళం అంటాడు కదా, అలాంటిదే. గోపాల్‌పూర్ అప్పట్లో స్టీమర్లు ఆగే రేవు, నావికుల నోళ్లలో నలిగిన పేరు. అక్కడ ఓడలు ఒడ్డుకి వచ్చేవి కావు. దూరంగా లంగరు వేస్తే మసూలా పడవలు అలల మీదుగా సరుకునీ మనుషుల్నీ చేరవేసేవి. రంగూన్ వెళ్లే కూలీలు ఎక్కేది కూడా అలాగే.

1919 కార్డు దారి వేరు. 1913లో బ్రిటన్ మళ్లీ నావికుల కేంద్ర రిజిస్టరు మొదలుపెట్టింది గానీ అందులో 1918కి ముందు కార్డులు మిగల్లేదు. 1918 నుంచి 1921 దాకా ఇచ్చిన కార్డుల్లో ఒక రకానికి వెనక ఫోటో ఉంటుంది. అసలు కార్డులు సౌతాంప్టన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ చూడొచ్చు. ఓడ తాత కార్డులో పుట్టిన చోటు సోనాపోర్, మద్రాస్.

ఆ సంవత్సరం గుర్తుంచుకోవాలి. 1919 జూన్‌లో కార్డిఫ్‌లో నల్లవాళ్ల మీద, అరబ్బుల మీద, ఆసియా నావికుల మీద దాడులు జరిగాయి. మనుషులు చచ్చిపోయారు. దాడుల తర్వాత తెల్లవాళ్లు కాని నావికుల్ని ఓడలెక్కించి వెనక్కి పంపే ప్రయత్నాలు జరిగాయి. ఆరేళ్లకి, 1925లో, బ్రిటిష్ పౌరుడినని కాగితం చూపలేని నల్లజాతి, ఆసియా నావికులు పోలీసుల దగ్గర విదేశీయుడిగా నమోదు కావాలన్న ఉత్తర్వు వచ్చింది. అలాంటి పట్నంలో కాపురం ఉన్నవాడికి పుట్టిన చోటు ఊసుపోక చెప్పే కబురు కాదు. ఫోటో అంటించిన ప్రభుత్వ కార్డు మీద, పెద్ద రేవు పేరు ఉండగా, ఎవరూ వినని చిన్న ఊరి పేరు చెప్పాడంటే కావాలనే చెప్పాడని నా లెక్క. గోపాల్‌పూర్ అని చెప్పడం తేలిక. సోనాపూర్ అని చెప్పడానికి కారణం ఉండాలి.

ఏ సోనాపూర్?

కార్డిఫ్ ఆవిడ ఇంటర్నెట్‌లో వెతికి రెండు సోనాపూర్‌లు పంపింది. ఒకటి పశుల సంతకి పేరుపడ్డ బీహార్ సోన్‌పూర్. రెండోది పశ్చిమ ఒడిశాలో మహానది ఒడ్డున ఉన్న సోన్‌పూర్ సంస్థానం, ఇప్పటి సుబర్ణపూర్. రెండూ కావు. బీహార్‌ది 1868లో బెంగాల్ ప్రెసిడెన్సీలో ఉంది. సంస్థానమేమో 1905 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండి ఆ తర్వాత బెంగాల్ కింది ఒరిస్సాలో కలిసింది. ఏదీ ఏ రోజునా మద్రాసు కింద లేదు. కార్డు మీద కామా పెట్టి రాసిన ఆ ‘మద్రాస్’ ఒక్క మాటతో రెండూ పోయాయి. మిగిలింది బాహుదా నది సముద్రంలో కలిసే చోట, ఇచ్ఛాపురానికి దగ్గర్లో ఉన్న మన సోనాపూర్.

ఇక్కడ 1936 గీత ఇంకో చిక్కు తెస్తుంది. గంజాం జిల్లాను చీల్చినప్పుడు బరంపురం, గోపాల్‌పూర్, సోనాపూర్ ఒరిస్సాలోకి వెళ్లాయి. ఇచ్ఛాపురం, సోంపేట, బారువ మద్రాసులో, విశాఖపట్నం జిల్లాలో మిగిలాయి. తర్వాత 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. ఏటి ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఇంకో రాష్ట్రం. పేటల్లో మాట్లాడే తెలుగు రెండు వైపులా ఒకటే, పెళ్లి సంబంధాలూ ఒకటే. పాత రికార్డు కోసం భువనేశ్వర్ వెళ్లాలా చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌కి వెళ్లాలా అన్నది మాత్రం ఆ గీతే తేలుస్తుంది. 1936 ముందువైతే నేను ఎగ్మూరు వైపే మొగ్గుతాను.

కన్నోరిల్లు

గోపాల్‌పూర్, సోనాపూర్ రెండూ ఎలా నిజమవుతాయో తమ్ముడి ఉత్తరంలో ఉంది. ‘మహారాజశ్రీ’ అని మొదలై ‘ఉభయకుశలోపరి’ అని సాగే పాత పద్ధతి ఉత్తరం. రాసింది ఎవరో రాయసగాడు. తేదీ ఉన్న మూల చిరిగింది. కవరు మీద స్టాంపును ఏ పిల్లలో కత్తిరించేసుకున్నారు కాబట్టి తపాలా ముద్రా లేదు. విషయం తల్లి చావు కబురు. దినాలకి ‘సోనాపూర్ మావయ్య’ వచ్చాడని, పెద్దకొడుకు లేని లోటు గురించి అందరూ అన్నారని ఉంది. సోనాపూర్ ఆ అన్నదమ్ములకి మేనమామ ఊరు. తల్లి పుట్టిల్లు.

ఓడ తాత పెద్దకొడుకు. మన వైపు తొలిచూలు పురుడు పుట్టింట్లో పోస్తారు. ఇది చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ కార్డిఫ్‌కి రాసేటప్పుడు ఒక పేజీ పట్టింది. వాళ్ల లెక్కలో పుట్టిన ఊరూ సొంతూరూ వేరు కావడానికి తండ్రి ఉద్యోగం మారి ఉండాలి. మనకి ఆ అవసరం లేదు. నాకు తెలిసి తెలుగు కుటుంబాల వంశవృక్షాల్లో పుట్టిన ఊరి తగాదాలు చాలావరకు ఇక్కడే తెగుతాయి. ఎవరైనా రెండు ఊళ్లు చెబితే మొదట అడగాల్సింది తల్లి ఏ ఊరు, ఈయన ఎన్నో కాన్పు అని.

సోనాపూర్ పేటలో ఒక పెద్దాయన్ని ఇదే అడిగాం. ‘తొలికానుపు కన్నోరింట్లో కాక ఇంకెక్కడ బావూ? ఆళ్లమ్మ మా ఊరి ఆడపడుచే’ అన్నాడు. మాస్టారు పొంగిపోయి నా వైపు చూశారు. నేను దీన్ని సాక్ష్యంగా రాసుకోలేదు. నూటయాభై ఏళ్ల నాటి పురుడు ఏ పెద్దాయనకీ తెలియదు. ఆయన చెప్పింది ఆచారం. ఆడపడుచు అన్న మాట మాత్రం ఇంటి వరసల్లోంచి వచ్చింది, దానికి విలువ ఉంది. గోపాల్‌పూర్ పెద్దలు ఇంకో మాటన్నారు. ‘పురుడు ఎక్కడ పోసుకుంటే ఏటి? మనిషి తండ్రి ఊరోడే.’ అదీ నిజమే. ఓడ ఆఫీసరు ‘ఎక్కడివాడివి’ అన్న అర్థంలో అడిగి ఉంటే ఓడ తాత కూడా ఇదే అనుకుని గోపాల్‌పూర్ చెప్పి ఉంటాడు.

తండ్రి పేరు

ఇంతవరకు కార్డిఫ్ మనిషికీ గోపాల్‌పూర్ కుటుంబానికీ మధ్య ఉన్న కట్టు ఆ ఉత్తరం ఒక్కటే. ఉత్తరం ఎలాగైనా ఒక ఇంటికి చేరి ఉండొచ్చు. బసలో స్నేహితుడిదీ కావచ్చు. కోర్టులో నిలవదు, అందుకని నాకూ నిలవదు.

ఓడ తాత పెళ్లి సర్టిఫికెట్టు కార్డిఫ్ నుంచి తెప్పించాం. ఇంగ్లండ్, వేల్స్ పెళ్లి సర్టిఫికెట్లలో పుట్టిన ఊరు ఉండదు. కానీ 1837 నుంచి పెళ్లికొడుకు తండ్రి పేరు, తండ్రి వృత్తి ఉంటాయి. ఇందులో తండ్రి పేరు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. వృత్తి ‘బోట్‌మన్’. పక్కన చనిపోయాడని ఉంది.

ఇటువైపు నాకు చేతనైన పని మొదలైంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పాత సూచికల్లో పేర్లకి ఒకటి, ఆస్తికి ఒకటి వేరువేరుగా ఉంటాయి. పొలం లేకపోయినా ఇంటిస్థలం ఉంటుంది కదా అని పేర్ల సూచిక పట్టుకుని కూర్చున్నాను. పాత దస్తావేజుల్లో తండ్రి పేరు, కులం, వృత్తి, కాపురం తప్పకుండా రాసేవారు. మాస్టారి ముత్తాత గోపాల్‌పూర్‌లో కొన్న చిన్న ఇంటిస్థలం దస్తావేజు దొరికింది. తెలుగులోనే ఉంది. కొనుగోలుదారు తండ్రి పేరు కార్డిఫ్ సర్టిఫికెట్టులోని పేరే. బయటికి చదివితే ఎవరికైనా తెలుస్తుంది. తండ్రి మసూలా పడవ పనివాడని, కాలం చేశాడని ఉంది. వేరువేరు భాషల్లో, సముద్రానికి రెండు వైపులా రాసిన రెండు కాగితాల్లో పేరు, పని, చావు మూడూ కలిశాయి. అన్నదమ్ములన్న మాట మీద నాకు అనుమానం పోయింది.

దస్తావేజులో కొనుగోలుదారు కాపురం గోపాల్‌పూర్ అనే ఉంది. సోనాపూర్ ప్రస్తావన లేదు. తమ్ముడి దస్తావేజు కాబట్టి ఉండాల్సిన పనీ లేదు.

ఏమని రాసిచ్చాను

రిపోర్టులో మూడు మెట్లుగా రాశాను. గంజాం జిల్లా తీరం: సందేహం లేదు. కుటుంబం కాపురం గోపాల్‌పూర్: ఉత్తరం, దస్తావేజు, 1915 జాబితా మూడూ ఒకటే చెబుతున్నాయి కాబట్టి గట్టి నమ్మకం. పుట్టింది సోనాపూర్‌లో, మేనమామల ఇంట్లో: బహుశా. 1919 కార్డు ఒక్కటే నేరుగా చెబుతోంది. మేనమామ ఊరు కావడం, తొలికాన్పు కావడం దానికి బలం. 1915 జాబితా తప్ప ఎదురు చెప్పే కాగితం లేదు, దాని సంగతి పైన చెప్పాను.

మాస్టారు ఆ ‘బహుశా’ తీసేయమన్నారు. కార్డిఫ్ కుటుంబం సోనాపూర్‌లో ఒక రాయి వేయించాలనుకుంటోందట, రాయి మీద బహుశా అని చెక్కిస్తే బాగోదు కదా అని. రాయి వాళ్ల ఇష్టం, రిపోర్టు నా సంతకంతో వెళ్తుంది మాస్టారూ అన్నాను. ఆయనకి కాస్త కోపం వచ్చింది. ఫీజు మాత్రం ఆపలేదు.

కార్డిఫ్ ఆవిడ ఆన్‌లైన్ వంశవృక్షంలో మొదట ‘సోనాపూర్, ఒడిశా’ అని ఎక్కించింది. మార్పించాను. పుట్టినప్పుడు ఉన్న పాలన పేరు ముందు, ఇప్పటిది పక్కన రాయాలి: సోనాపూర్, గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ, ఇప్పుడు ఒడిశాలో. లేకపోతే రేపు ఇంకెవరో 1919 కార్డులో మద్రాస్ చూసి ఇదేదో వేరే మనిషిదని పక్కన పెట్టేస్తారు.

ఒక దారి ఇంకా తెరిచి ఉంది. సిబ్బంది జాబితాల్లో అంతకుముందు చేసిన ఓడ పేరు ఉంటుందని చెప్పాను కదా. 1915 జాబితాలో ఉన్న పాత ఓడను పట్టుకుంటే దాని జాబితాలో ఇంకా పాత ఓడ దొరుకుతుంది. అలా ఒక్కో ఓడ వెనక్కి పోతూ 1901 ముందుకి, ఆయన మొదటిసారి పేరు రాయించుకున్న రేవు దాకా వెళ్లొచ్చు. కలకత్తానా రంగూనా అన్నదీ అక్కడే తేలుతుంది. ఆ జాబితాలు చాలావరకు న్యూఫౌండ్లాండ్‌లో ఉన్నాయి. నకలుకి ఓడకింత అని డబ్బు కట్టాలి. మొదటి ఓడకి కార్డిఫ్ ఆవిడ కట్టింది, నకలు రావాలి.